తూము దగ్గర యాభై రెండు సెకన్లు

ఆ తెల్లవారుజామున మూడు తలుపుల తూము దగ్గర హారతి ఆగింది.

ఈ ఒక్క ముక్క ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. ఇంట్లో అనలేదు, ఆఫీసులో అనలేదు, ఒక్కత్తే ఉన్నప్పుడు గొణుక్కోను కూడా లేదు. అడిగినవాళ్ళకి చెప్పిందల్లా వేరు. నేనసలు ఆగనే లేదు, నాకేమీ వినపడనే లేదు అని.

ఆగింది. వినపడింది కూడా. ఎడమకాలు గ్రావెల్ మీద ఆనించి, యాభై రెండు సెకన్ల పాటు ఆ చీకట్లోకి చూసింది. చూసి... వెళ్ళిపోయింది.

కింద ఉన్నది మనిషో, మరొకటో అప్పటికి ఆమెకి తెలీదు. తెలుసుకోకుండా వెళ్ళిపోయింది. అదీ ఆమె గుండెలో ఇరుక్కున్న సంగతి — అక్కడ నిజంగా ఒక మనిషి ఉంటే, ఆ మనిషి ఏమైనట్టు?

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి.

కాకినాడ దాటి యానాం రోడ్డులో కొంతదూరం పోయి ఎడమచేతి వైపు దిగితే కరకట్ట తగులుతుంది. ఉప్పెన నీళ్ళు ఊళ్ళ మీద పడకుండా పోసిన మట్టిగట్టు. పైన ఎర్ర గ్రావెల్ పరిచారు. ఒక పక్క సరుగుడు తోటలు, అవి దాటితే రొయ్యల చెరువులు. ఇంకో పక్క మడ అడవి — బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య నల్లటి నీళ్ళు. పద్నాలుగు కిలోమీటర్లు అలాగే పోతుంది. లారీ రాదు, ఆటో రాదు, హారన్ వినపడదు.

సరిగ్గా సగం దారిలో ఆ తూము. మురుగు కాలవ నీళ్ళు సముద్రపు పాయలోకి దిగిపోయేందుకు, పోటు వేళ పాయ నీళ్ళు ఇటు ఎక్కకుండా ఆపేందుకు, మూడు ఇనప తలుపులు. పగలు దానిమీద కూచుని గేలాలేసే మగాళ్ళు, పొద్దు వాలేసరికి ఎవరో తరిమినట్టు లేచిపోతారు. గొర్రెల్ని తోలుకొచ్చేవాళ్ళు కూడా తూము ఇంకో అర కిలోమీటరు ఉందనగానే మందని తోటల్లోకి మళ్ళించి, చుట్టు తిరిగి మళ్ళీ కట్టెక్కుతారు.

కారణం బేబీ.

ఎప్పటి మాటో. తుఫాను రాత్రి. పాయ పొంగుతోందని ఊరివాళ్ళు తూము తలుపులు మూడూ దించేశారట. పీతల కోసం దోనెలో పోయిన బేబీ అనే ఆవిడ అప్పటికింకా అవతలే ఉండిపోయింది. దోనె తిరగబడితే ఈదుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని వేలాడింది. కట్ట మీద కాపలా ఉన్న మగాళ్ళకి ఆవిడ పిలుపు వినపడింది. ఆ గాలిలో, ఆ చీకట్లో, దిగడానికి ఒక్కడికీ కాళ్ళు రాలేదు. ఒకసారి పిలిచిందట. రెండోసారి పిలిచిందట.

మూడోసారి పిలవలేదు.

అప్పట్నించీ అక్కడొక కట్టుబాటు. చీకటి వేళ తూము దగ్గర ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలక్కూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తారు. బేబీ అయితే రెండింటితో ఆపేస్తుంది. ఆ రెండింటిలో దేనికి పలికినా... దిగి రమ్మంటుంది. దిగినవాళ్ళు ఎక్కరు.

ఇదంతా హారతికి చెప్పింది సత్యకుమారి. కరకట్ట మొదట్లో తాటాకు పందిరి కింద టీ కొట్టు ఆవిడది. చెప్పి, గ్లాసు చేతికిస్తూ, "నవ్వకమ్మాయ్. మీ కాకినాడలో లైట్లుంటాయి కాబట్టి నవ్వుతారు" అంది.

హారతి నవ్వింది మరి. దెయ్యాల సంగతి ఎలా ఉన్నా, ఆమె భయమంతా మనుషులతోనే.

పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో కంప్యూటరు మీద పని ఆమెది. ఇరవై నాలుగేళ్ళు. సైకిలు పిచ్చి ఎప్పుడు పట్టిందో ఇంట్లోవాళ్ళకీ తెలీదు. పాత ఇనప కొట్లో ఒక ఫ్రేము ఏరి తెచ్చింది. ఫోన్లో వీడియోలు చూసుకుంటూ చక్రం వంకర తియ్యడం, చెయిను అతకడం, బేరింగులు మార్చడం నేర్చుకుంది. గ్రావెల్ మీద జారకుండా లావుపాటి టైర్లు వేసింది. వెనక చక్రం టిక్కుటిక్కుమనే చప్పుడు నచ్చక దాన్నిండా గ్రీజు కూరింది. ఇప్పుడది పిల్లిలా పోతుంది.

మొదట్లో తారు రోడ్డు మీదే తొక్కేది. లారీవాడు కావాలని చెవి పక్కన హారన్ కొట్టేవాడు. బైకుల మీద కుర్రాళ్ళు పక్కనే నెమ్మదిగా వస్తూ, పెట్రోలు అయిపోయిందా మేడమ్ అనేవాళ్ళు. ఒకడు ఒకరోజు చున్నీ పట్టి లాగాడు. మోచేతి దగ్గర ఆ మచ్చ ఇంకా ఉంది. పడ్డదాన్ని లేపడానికి బస్టాపులో ఉన్నవాళ్ళు ఒక్కళ్ళూ కదల్లేదు. ఒకాయన మాత్రం, ఆడపిల్లకి ఎందుకమ్మా ఇయ్యన్నీ అన్నాడు.

ఆ తర్వాత దొరికింది కరకట్ట. మొదటిరోజు ఆ పద్నాలుగు కిలోమీటర్లలో ఆమెకి ఒక నక్క, రెండు బావురుపిల్లులు తప్ప ఎవరూ ఎదురవలేదు. చివర దిగి, హ్యాండిలు మీద తల ఆనించి, ఎందుకో ఏడ్చింది.

మనిషి లేని దారి. అదే ఆమెకి కావలసింది. కొన్నాళ్ళకి అదెంత ముదిరిందంటే — గ్రావెల్ మీద కొత్తగా చెప్పుల అచ్చు కనిపిస్తే చాలు, తన ఇంట్లోకి ఎవరో చొరబడ్డట్టు ఒళ్ళు మండేది.

చొరబడ్డవాడు ఒకడున్నాడు. ఉదయ్‌కుమార్. కాకినాడలో ఆదివారం సైకిలు గ్రూపుకి పెద్ద. అతని సైకిలు ఒక్క చేత్తో ఎత్తొచ్చు. ఎవరు ఏ దారిలో ఎంత వేగంగా తొక్కారో ఫోన్లో చూపించే యాప్ ఒకటుంటుంది కదా, అందులో కరకట్ట మొదటి పేరు అతనిది. రెండో పేరు హారతిది. తేడా నలభై సెకన్లు. అది చూసి గ్రూపులో పెట్టాడు — హారతిగారి సైకిలుకి వెనక పాలక్యాన్లు కట్టుకునే వసతి కూడా ఉందండోయ్, అయినా పరవాలేదు, బాగానే తొక్కుతున్నారు. కింద ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ నలభై సెకన్లు చెరిపెయ్యాలనుకుంది. రోజూ అదే ఆలోచన. అన్నం తింటున్నా అదే.

జనవరి. మంగళవారం. తెల్లవారుజామున నాలుగున్నర.

సత్యకుమారి కొట్టు ఇంకా తెరవలేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందు చక్రం కనపడుతోంది గానీ దాని ముందున్న గ్రావెల్ కనపడ్డం లేదు. తెల్ల విండ్‌చీటరు గొంతు దాకా లాక్కుంది. చలికి చున్నీ మొహం చుట్టూ బిగించింది. నుదుటి మీద లైటు వెలిగించి బయల్దేరింది.

మంచుకి తడిసిన గ్రావెల్ మెత్తబడి, టైర్ల కింద సన్నగా బుసకొడుతోంది. ఒకటో కిలోమీటరు. రెండు. ఊపిరి చున్నీలో వెచ్చగా తగులుతోంది. నాలుగు. సరుగుడు చెట్లు గాలికి ఉష్షుమంటున్నాయి. ఆరు. హ్యాండిలు మీద ఫోన్ చెప్తోంది... ఉదయ్‌కుమార్ కంటే ఇరవై ఆరు సెకన్లు ముందుంది.

దూరం నుంచే తూము హోరు వినపడింది. తలుపుల సందుల్లోంచి నీళ్ళు దూకే హోరు. దగ్గరికొచ్చేకొద్దీ పెరిగి పెరిగి, చెవుల్లో ఇంక దేనికీ చోటు లేకుండా నిండిపోయింది.

ఆ హోరు మధ్యలో —

"అమ్మాయీ..."

బ్రేకు పడింది. వెనక చక్రం అడ్డంగా జారి ఆగింది.

గట్టిగా అరిచిన గొంతు కాదది. ఏడుస్తున్న గొంతు కూడా కాదు. వంటింట్లోంచి పెద్దావిడ ఎవరో పిలిచినట్టుంది. చెవి పక్కనే ఉన్నట్టుంది. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించింది హారతి... అంత హోరులో అంత నెమ్మదైన గొంతు ఎలా వినపడింది అని. అప్పుడు ఆలోచించలేదు.

ఎడమకాలు కింద పెట్టింది. తల తిప్పింది. లైటు పాయవైపు పడింది. మంచు. తెల్లటి గోడలాంటి మంచు. దాని అడుగున ఎక్కడో నల్లటి రాళ్ళు, నాచు, నీటి మెరుపు. పోటు మొదలైనట్టుంది — నీళ్ళు రాళ్ళ మీదకి ఎక్కుతున్నాయి.

"అమ్మాయీ... ఇటు చూడు..."

రెండోది.

ఆమెకి సత్యకుమారి మాటలు గుర్తుకొచ్చాయి. ఇంకో మాట కూడా గుర్తుకొచ్చింది — ఆడగొంతుతో పిలిచి, దిగాక పట్టుకునే మగాళ్ళు ఉంటారని. రెండూ నిజమే, రెండూ గుర్తుకొచ్చాయి.

కానీ అన్నిటికంటే ముందు గుర్తుకొచ్చింది గడియారం.

దాన్నే ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో అంకెలు మారుతున్నాయి. ఇరవై ఆరు సెకన్ల ముందంజ కరిగి, సున్నా అయి, వెనక్కి లెక్క మొదలైంది. ఎవరు వీళ్ళు, నా దారిలో ఎందుకున్నారు అని కోపమొచ్చింది. భయం కాదు, కోపం. ఆ కోపానికి సత్యకుమారి చెప్పిన కట్టుబాటు చక్కగా అడ్డం దొరికింది. మూడో పిలుపు రానీ, అప్పుడు పలుకుతాను అనుకుంది. రాకూడదని కోరుకుంటూ అనుకుంది.

నిలబడింది. లైటు కింద అటూ ఇటూ తిప్పింది. హోరు... హోరు... హోరు.

మూడోసారి ఎవరూ పిలవలేదు.

పెడల్ మీద కాలేసి తొక్కింది. వెనక్కి చూడలేదు. మిగిలిన ఏడు కిలోమీటర్లు ఎలా తొక్కిందో ఆమెకే తెలీదు. కట్ట దిగేసరికి నోట్లో ఉప్పగా ఉంది — పెదవి కొరుక్కున్నట్టుంది. ఫోన్ చూసుకుంది. పన్నెండు సెకన్ల తేడాతో మళ్ళీ రెండో పేరే.

తిరుగు దారిలో కరకట్ట ఎక్కలేదు. తారు రోడ్డు మీద లారీల మధ్యే ఇంటికి చేరింది.

మధ్యాహ్నానికి ఉదయ్‌కుమార్ గ్రూపులో పెట్టాడు. తూము దగ్గర యాభై రెండు సెకన్లు ఆగారేంటండీ, బేబీగారితో కబుర్లా? యాప్ ఏదీ దాచదు మరి. ఎక్కడ ఆగినా చుక్క పెట్టి చూపిస్తుంది.

సిగ్నల్ పోయిందండీ, నేను ఆగలేదు అని రాసింది హారతి.

అక్కడ మొదలైంది అబద్ధం. ఆ తర్వాత దాన్ని నిలబెట్టడమే పనైంది. ఆఫీసులో అడిగితే అదే. ఇంట్లో, పొద్దున్నే తొక్కడం మానేశావేంటే అని అమ్మ అడిగితే ఇంకోటి — మంచు పడుతోందమ్మా. పన్నెండు రోజులు కరకట్ట ముఖం చూడలేదు. రోజూ పేపర్లో జిల్లా పేజీలు వెతికేది. గుర్తుతెలియని మహిళ, మృతదేహం, పాయలో, తూములో... ఆ మాటల కోసం. దొరక్కపోతే ఊపిరి పీల్చుకునేది. ఊపిరి పీల్చుకుంటున్నందుకు మళ్ళీ సిగ్గేసేది.

రాత్రి కళ్ళు మూస్తే మంచు కనపడేది. మంచు కింద రాళ్ళ మీదకి ఎక్కుతున్న నీళ్ళు.

పన్నెండో రోజు ఆదివారం. ఉదయ్‌కుమార్ గ్రూపంతటినీ కరకట్టకి రమ్మన్నాడు. దెయ్యాల రైడు అని పేరు కూడా పెట్టాడు. వెళ్ళకపోతే అదే జవాబు అవుతుందని హారతి వెళ్ళింది.

అయిదున్నరకి సత్యకుమారి కొట్టు దగ్గర చేరారు ఎనిమిది మంది. ఇంకా చీకటి పోలేదు. అందరి నుదుట్నా లైట్లు. గ్యాసు పొయ్యి వెలుగులో సత్యకుమారి మొహం సగమే కనపడుతోంది. అందరివంకా చూసి, టీ పొయ్యకుండా గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఆ లైట్లు ఆర్పండి బాబూ" అంది. "ఆర్పితేనే టీ."

ఎందుకండీ అన్నాడు ఉదయ్‌కుమార్ నవ్వుతూ.

లైట్లు ఆరాక, టీలు పోసి ఇస్తూ ఆవిడ చెప్పింది. గొంతు తగ్గించి, పొయ్యి మంట తగ్గించి చెప్పింది.

బేబీ ఇప్పుడు తూము కింద లేదట. పైకి వచ్చేసిందట. కట్ట మీదే తిరుగుతోందట. కట్ట పక్కన పేటలో మరిడమ్మ అని ఒకావిడ, యాభై దాటిన మనిషి, మొగుడు పోయాక మండపీతలు పట్టి అమ్ముకుని బతుకుతోంది. నీళ్ళు తీసే వేళ చూసుకుని, ఇనప కొక్కెం పట్టుకుని, చీకటితోనే తూము కిందకి దిగుతుంది. బేబీ సంగతి తెలిసీ దిగుతుంది, పీతలు దొరికేది అక్కడే గనక. మొన్నామధ్య ఒకరోజు నాచు మీద కాలు జారి రెండు రాళ్ళ మధ్య పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. బ్యాటరీ లైటు నీళ్ళలో పోయింది. కాలు రాదు, చీకటి... పోటు మొదలైపోయింది. నడుం దాకా వచ్చాయి నీళ్ళు.

"అప్పుడు చూసిందంట."

హారతి చేతిలో గ్లాసు వేడిగా ఉంది. కాలుతున్నా తియ్యలేదు.

"కట్ట మీద తెల్లగా వచ్చింది. మొహం లేదు. నుదుట ఒకటే కన్ను... తెల్లగా మండిపోతా ఉంది. చప్పుడు లేదు. కాళ్ళు నేలకి ఆనట్లేదు, గాల్లో ఆడతన్నాయంట. వచ్చింది, సరిగ్గా దాని నెత్తి మీదే ఆగింది. ఆ కన్ను అటూ ఇటూ తిప్పి దీన్నే ఎతికింది. ఎంతసేపో. మళ్ళీ ఎలా వచ్చిందో అలాగే ఎల్లిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఎవరో నుదుటి లైటు తీసి జేబులో పెట్టుకున్నారు.

హారతి పందిరి గుంజ పట్టుకుంది.

ఉదయ్‌కుమార్ మాత్రం ఫోన్ తీశాడు. ఏ రోజండీ అని అడిగాడు, మామూలుగా. పోయిన వారం ముందు మంగళారం బాబూ అంది సత్యకుమారి. అతని బొటనవేలు తెర మీద పైకీ కిందికీ జరిగింది. ఒకచోట ఆగింది. తల ఎత్తి హారతి తెల్ల విండ్‌చీటరు చూశాడు. నుదుటి మీద లైటు చూశాడు. ఒక అడుగు దగ్గరికి వచ్చి, ఆమెకి మాత్రమే వినపడేట్టు అన్నాడు —

"సిగ్నల్ పోయిందన్నారు కదండీ."

అతను నవ్వాడు. పాలక్యాన్ల నవ్వు కాదది. ఇక నుంచి నీ గుట్టు నా జేబులో ఉంది అనే నవ్వు.

సత్యకుమారి ఇంకా చెప్తోంది. మెడ దాకా నీళ్ళొచ్చాక, తెల్లారి రొయ్యల చెరువు కాపలా మనిషి చూసి పైకి లాగాడు. ఆసుపత్రిలో కాలికి రాడ్డేశారు. ప్రాణం పోలేదు గానీ, అంతకంటే నయమేం కాదు. బేబీ కన్ను పడ్డ మనిషని పేటలో ఎవరూ గుమ్మం తొక్కట్లేదు. సొంత కోడలు కంచం బయట పెడుతోంది. నిద్రలో ఉలిక్కిపడి లేచి, అదిగో కన్ను, అదిగో కన్ను అంటోందని, దెయ్యాన్ని వదిలించేవాణ్ణి ఎక్కణ్ణించో మాట్లాడారు. ఆసుపత్రి మాత్రలు ఒంట్లో ఉంటే దెయ్యం కదలదన్నాడట వాడు. మూడు రోజులై మాత్రలు ఆపేశారు. కాలు వాచి చీము పడుతోంది. ఈ సాయంత్రమే ముహూర్తం. వేపమండలూ, తాడు అన్నీ సిద్ధం చేసుకున్నారు.

"ఇరిగిన కాలుతో కూచోబెట్టి కొడతారమ్మా" అంది సత్యకుమారి, ఎవరితో అని కాకుండా. "కోడలికి చెప్పి చూశాను. ఇంటేనా."

హారతి గ్లాసు బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అడగాలి. ఆ ఒక్క మాటకి జవాబు తెలిస్తే చాలు, పన్నెండు రోజులుగా తనని తింటున్నదానికి ఒక పేరు దొరుకుతుంది. మనిషి పిలిస్తే పలక్కుండా పోయినదాన్ని అని. తప్పు తప్పే. కానీ తెలిసిన తప్పు.

"సత్యక్కా... ఆవిడ ఎందుకు మూడోసారి పిలవలేదు?"

"ఎవరు?"

"మరిడమ్మగారు. రెండుసార్లు పిలిచి ఆపేశారు కదా. ఇంకోసారి పిలిస్తే—"

సత్యకుమారి వింతగా చూసింది.

"అదేంటమ్మాయ్. మరిడమ్మ పిలవడమేంటి. ఆ కన్ను కనపడగానే కొంగు నోట్లో కుక్కేసుకుందంట. గొంతు వింటే దిగొచ్చేస్తదని. అది ఎల్లిపోయేదాకా ఊపిరి కూడా బిగబట్టిందంట. ఒక్క మాట అంటే ఒక్క మాట రాలేదు దాని నోట్లోంచి."

పొయ్యి మీద టీ పొంగి మంట మీద పడింది. చుయ్‌మంది.

హారతి చెవుల్లో మళ్ళీ అదే పిలుపు. అమ్మాయీ... ఇటు చూడు. వంటింట్లోంచి పిలిచినట్టున్న గొంతు. రెండే రెండుసార్లు. కింద ఉన్న మనిషి కొంగు కరుచుకుని ఊపిరి బిగబట్టి ఉంది. పైన ఉన్న మనిషి గడియారం చూసుకుంటోంది.

మరి మధ్యలో పిలిచిందెవరు?

దిగి రమ్మనలేదే ఆ గొంతు. ఇటు చూడు అంది. అంతే.

గ్రూపువాళ్ళు ఒక్కొక్కళ్ళూ సైకిళ్ళెక్కుతున్నారు. తూము దాకా వద్దు, ఇక్కణ్ణించే తిరిగిపోదామంటున్నాడు ఒకడు. ఉదయ్‌కుమార్ హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ ఆమె వైపే చూస్తున్నాడు. ఇప్పుడేం చేస్తావో చూస్తానన్నట్టు.

ఆమె ఏమీ చెయ్యకపోయినా నడుస్తుంది. అతను గ్రూపులో పెట్టినా, నవ్వు బొమ్మలు నాలుగు రోజులు. మరిడమ్మ పేటలో ఈ యాప్ చూసేవాళ్ళెవరూ లేరు. దెయ్యం వెళ్ళిపోయిందని సాయంత్రం వాళ్ళే తేల్చేసుకుంటారు, కాలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

అదే చెప్తే? అక్కడ నిలబడింది నేనండీ, నుదుట ఉన్నది లైటండీ, కాళ్ళు ఆడించింది పెడల్ మీదండీ అంటే? ఎందుకు ఆగావమ్మా అంటారు. పిలుపు వినపడిందంటే, ఎవరు పిలిచారంటారు. మా మనిషి పిలవలేదే అంటారు. ఆగినదానివి ఎందుకు దిగలేదని అడుగుతారు. అందులో ఒక ప్రశ్నకి జవాబు ఆమెకి తెలీదు. ఇంకోదానికి బాగా తెలుసు.

తెలిసినదే ముందు చెప్పాలి. దిగలేదండి, నాకు నా టైము ముఖ్యమైంది అని. అది చెప్పకుండా మిగతాది ఎంత చెప్పినా వాళ్ళు నమ్మరు.

నుదుటి మీంచి లైటు తీసి కొట్టు బల్ల మీద పెట్టింది. తెల్లవారుతోంది. సరుగుడు చెట్ల మధ్య కరకట్ట ఎర్రగా తేలుతోంది. అటువైపు నుంచి తూము హోరు ఇంత దూరానికి వినపడదు. అయినా చెవి అటే వేసి ఒక్క క్షణం విన్నది.

"సత్యక్కా, పీతలు తెమ్మని చెప్పడానికి మరిడమ్మగారి నంబరు మీ దగ్గరుంటుంది కదా."

"ఉంది. ఫోనిప్పుడు కోడలి దగ్గర ఉంటది. అది మంచిగా మాట్లాడదమ్మా."

"పరవాలేదు" అంది హారతి, ఫోన్ చేతిలోకి తీసుకుని. "చెప్పండి."